409 ఆ, 298 ఆ? రెండూ ఎక్కడివంటే

టెన్షన్ పడకండి, మీ అబ్బాయి ప్రాజెక్టులో 409 అనే రాయించండి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జో పటర్నో గెలుపులు ఒక చోట 298, ఇంకో చోట 409 అని కనిపిస్తున్నాయన్నారు కదా, రెండూ అచ్చుతప్పులు కావు. ఆయన పెన్ స్టేట్ యూనివర్సిటీలో 1950లో సహాయకుడిగా చేరి, 1966 నుంచి 2011 దాకా హెడ్ కోచ్‌గా ఉన్నారు. అంటే 46 సీజన్లు! 1982, 1986లో జాతీయ టైటిళ్లు.

ఆయన దగ్గర పనిచేసిన మాజీ సహాయక కోచ్ జెర్రీ శాండస్కీ పిల్లలపై లైంగిక దాడుల కేసులో 2011 నవంబరులో అరెస్టయ్యాక, కొద్ది రోజుల్లోనే పటర్నోను తీసేశారు. 2012 జనవరిలో ఆయన చనిపోయారు. ఆ కేసుకు శిక్షగా, అదే ఏడాది జులైలో అక్కడి కాలేజీ క్రీడల్ని చూసే సంస్థ ఎన్‌సీఏఏ, ఆయనకు 1998 నుంచి వచ్చిన 111 గెలుపుల్ని లెక్కలోంచి కొట్టేసింది. అలా మిగిలిందే 298. 2015 జనవరిలో రాజీ కుదిరి అవన్నీ తిరిగిచ్చేశారు. మీకు దొరికిన 298 ఈ రెండింటి మధ్య రాసిన పేజీలోది అయ్యుంటుంది.

ఒక్క మాట. 'కాలేజీ ఫుట్‌బాల్‌లోనే అత్యధికం' అని మాత్రం రాయించకండి. 409 రికార్డు పై డివిజన్ వరకే. చిన్న కాలేజీలనూ కలిపితే జాన్ గాగ్లియార్డి అనే కోచ్‌వి 489 గెలుపులు. కేసు సంగతి కూడా ఒక వాక్యంలోనైనా ఉండాలి, దాచిపెడితే టీచరే అడుగుతారు.