లండన్ బ్యాంకు ఉద్యోగం: ఆఫర్ లెటర్‌లో ముందు కంపెనీ పేరు చదవండి

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత లండన్‌లో బ్యాంకు ఉద్యోగాలు మిగిలాయా, మాస్టర్స్ చేసి అక్కడే నిలదొక్కుకోవచ్చా? హైదరాబాద్ నుంచీ, విజయవాడ నుంచీ బయల్దేరే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఉద్యోగాలు మిగిలాయి. మారింది వాటి చిరునామా, జీతమిచ్చే కంపెనీ పేరు. బ్రిటన్‌లో మీ వీసా కూడా ఆ పేరుకే కట్టి ఉంటుంది. అందుకే జీతం అంకె కంటే ముందు ఆ పేరు చూడమంటున్నాం.

2016 జూన్ 23 బ్రెగ్జిట్ రెఫరెండం అయిన కొన్ని నెలలకే, 70 వేలకు పైగా ఫైనాన్స్ ఉద్యోగాలు పోవచ్చన్న అంచనాలు వచ్చాయి. 2022లో ఈవై అనే కన్సల్టింగ్ సంస్థ లెక్కేస్తే లండన్ నుంచి యూరప్‌కు తరలినవి సుమారు 7 వేలు. అయితే దీన్ని బట్టి ఏమీ మారలేదనుకోవద్దు. 2020 డిసెంబర్ 31 వరకు లండన్‌లో ఒక్క లైసెన్సు ఉంటే యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో వ్యాపారం చేసుకోవచ్చు. పాస్‌పోర్టింగ్ అనేవారు దాన్ని. మర్నాటి నుంచి అది లేదు. బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, డబ్లిన్, లక్సెంబర్గ్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో కంపెనీలు పెట్టుకోవలసి వచ్చింది, ఉన్నవాటిని పెంచుకోవలసి వచ్చింది. లండన్‌లో పెద్ద బ్యాంకుల ఆఫీసులుండే కెనరీ వార్ఫ్‌లో అప్పట్లో ఉన్న యూరోపియన్ బ్యాంకింగ్ అథారిటీ (యూరప్ బ్యాంకుల నియంత్రణ సంస్థ) 2019లోనే పారిస్‌కు వెళ్లిపోయింది.

ఒక్క లావాదేవీ దగ్గర పెట్టి చూస్తే సంగతి తేలికగా బోధపడుతుంది. ఇటలీలో ఒక పెన్షన్ ఫండ్ వడ్డీ రేటు స్వాప్ (స్థిర వడ్డీని, మారే వడ్డీని ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) కొంటుంది. పూర్వం లండన్ ట్రేడర్ ధర చెప్పి, లండన్ పుస్తకాల్లోనే రాసుకునేవాడు. ఇప్పుడు ఒప్పందం ఫ్రాంక్‌ఫర్ట్ కంపెనీ పేరు మీద జరుగుతుంది. ఆ రిస్కును లండన్ కంపెనీకి దాటించడానికి అదే కొలతలతో మరో ట్రేడ్ రాస్తారు. దీన్నే బ్యాక్-టు-బ్యాక్ అంటారు. ఒక బేరం రెండు ఎంట్రీలైంది. యూరప్ నిబంధనల కింద ఒక రిపోర్టు, బ్రిటన్ నిబంధనల కింద మరొకటి. పైగా రెండు చోట్లా నియమాలు విడివిడిగా మారుతున్నాయి. స్వాప్ లాంటి ఒప్పందాలను డెరివేటివ్‌లంటారు. వాటి రిపోర్టింగ్‌కు సవరించిన నిబంధనలు, అంటే ఎమిర్ రీఫిట్, యూరప్‌లో 2024 ఏప్రిల్ 29న అమల్లోకి వస్తే బ్రిటన్‌లో సెప్టెంబర్ 30న వచ్చింది. రిపోర్టులో నింపాల్సిన ఫీల్డులు యూరప్‌లో 203, బ్రిటన్‌లో 204. ఒక్క ఫీల్డే కదా అనిపిస్తుంది గానీ, దాని వల్ల రెండు మ్యాపింగులు, రెండు టెస్టింగులు, రాత్రికి రాత్రి పడే రిజెక్షన్లను పొద్దున్నే సరిచేసే రెండు టీములు.

మనవాళ్లకు పని దొరికేది సరిగ్గా ఇక్కడే: రెగ్యులేటరీ రిపోర్టింగ్, రీకన్సిలియేషన్ (రెండు చోట్ల ఉన్న లెక్కలను సరిపోల్చడం), కేవైసీ, రిస్క్ డేటా. సీవీలో ఎస్‌క్యూఎల్, పైథాన్ అందరూ రాస్తారు. ఒక స్వాప్ బుకింగ్ నుంచి సెటిల్‌మెంట్ దాకా ఎక్కడెక్కడ తిరుగుతుందో, రిపోర్టు ఎందుకు తిరిగొస్తుందో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూకు అది సిద్ధం చేసుకోండి. కెనరీ వార్ఫ్‌నే పట్టుకు కూర్చోవద్దు కూడా. బర్మింగ్‌హామ్, గ్లాస్గో, బోర్న్‌మత్, బెల్‌ఫాస్ట్‌లలో పెద్ద బ్యాంకుల ఆఫీసులున్నాయి, అద్దెలూ నయం. ఇదే పని హైదరాబాద్‌లోని బ్యాంకు సెంటర్లలోనూ జోరుగా సాగుతోంది. అక్కడ రెండు మూడేళ్లు చేసి రావడం వెనకడుగు అనుకోవద్దు.

ఇక వీసా. బ్రెగ్జిట్‌తో మొదట మనకు తలుపులు తెరుచుకున్న మాట నిజం. 2020 డిసెంబర్ 1న స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) వచ్చినప్పుడు ఏడాదికి 20,700 వీసాలే అన్న పరిమితి పక్కన పెట్టారు, ముందు స్థానికుల కోసం ప్రకటన ఇవ్వాలన్న నిబంధన ఎత్తేశారు, కనీస జీతం 25,600 పౌండ్లు చేశారు. ఆ రోజుల్లో వచ్చిన సీనియర్ల సలహా ఇప్పుడు పనికిరాదు. కనీస జీతం 2024 ఏప్రిల్ 4న 38,700 అయింది, 2025 జూలై 22న 41,700 అయింది. అదే రోజు నుంచి కొత్తవాళ్లకు డిగ్రీ స్థాయి ఉద్యోగమే ఉండాలన్నారు. 2026 జనవరి 8 నుంచి ఇంగ్లిష్ పరీక్షలో బీ1 స్థాయి సరిపోదు, అంతకంటే పై మెట్టు బీ2 కావాలి. బ్రిటన్‌లో డిగ్రీ చేసినవాళ్లకు ఆ పరీక్ష అక్కర్లేదు.

జీతం దగ్గర చాలామంది దెబ్బతినేది ఇలా. ఆఫర్‌లో 39,000 బేసిక్, 4,000 బోనస్ ఉంటుంది. మొత్తం 43,000, దాటేశాం అనుకుంటారు. బోనస్ లెక్కలోకి రాదు, అలవెన్సులూ రావు. పైగా ప్రతి ఉద్యోగానికీ ఒక ఎస్ఓసీ కోడ్ (ప్రభుత్వం ఉద్యోగాలకు ఇచ్చే వర్గీకరణ సంఖ్య), ఆ కోడ్‌కు ఒక గోయింగ్ రేటు (ఆ ఉద్యోగానికి నిర్ణయించిన జీతం) ఉంటాయి. కనీస జీతం, గోయింగ్ రేటు రెండిట్లో ఏది ఎక్కువైతే అంత ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ డెవలపర్ కోడ్‌కు గోయింగ్ రేటు 41,700 కంటే పైనే. 26 ఏళ్లు నిండనివాళ్లకూ, స్టూడెంట్ లేదా గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చేది) నుంచి మారేవాళ్లకూ న్యూ ఎంట్రంట్ వెసులుబాటు ఉంది: 33,400 పౌండ్లు లేదా గోయింగ్ రేటులో 70 శాతం, ఏది ఎక్కువైతే అది. కానీ గ్రాడ్యుయేట్ వీసా కాలంతో కలిపి ఇది నాలుగేళ్లే. ఆ గడువు ముగిసేలోపు జీతం పూర్తి స్థాయికి చేరుతుందా అని చేరే రోజే హెచ్‌ఆర్‌ను అడగండి.

సంతకం పెట్టే ముందు గవ్.యూకేలో లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా తెరిచి, ఆఫర్ లెటర్‌లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూడండి. ఒకే బ్యాంకుకు లండన్‌లో లిమిటెడ్ కంపెనీ ఒకటి, యూరప్ కంపెనీ తాలూకు లండన్ బ్రాంచి ఒకటి, సర్వీసు కంపెనీ ఇంకొకటి ఉంటాయి. బ్రెగ్జిట్ సర్దుబాట్లలో టీమును ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం మామూలే. కూర్చునే కుర్చీ మారదు, పేస్లిప్ మీద పేరు మాత్రం మారుతుంది. మీ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌లో (వీసా కోసం కంపెనీ మీకు ఇచ్చే స్పాన్సర్ పత్రం) ఉన్న పేరు వేరైతే అదే రోజు హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఇలాంటి బదిలీని కంపెనీ 20 పనిదినాల్లో హోమ్ ఆఫీసుకు (వీసాలు చూసే బ్రిటన్ హోం శాఖ) తెలపాలి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ఇంత కట్టండి అనే కన్సల్టెన్సీల దగ్గరికి పోకండి. స్పాన్సర్ కంపెనీ ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జి ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. 2024 డిసెంబర్ 31 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల ఫీజు కూడా అంతే. మీరు కట్టవలసింది వీసా ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి. కొన్ని కంపెనీలు అవీ భరిస్తాయి. డబ్బు తీసుకున్న కంపెనీ లైసెన్సు రద్దయితే రోడ్డున పడేది మీరే.

ఐటీ సర్వీసు కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. సీనియర్ ఆర్ స్పెషలిస్ట్ వర్కర్ వీసా (అలా బదిలీ అయ్యేవాళ్లకు ఇచ్చేది) మీద ఎన్నేళ్లున్నా, స్కిల్డ్ వర్కర్ మార్గంలో వచ్చే ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వత నివాస హక్కు) లెక్కలో ఒక్క రోజూ కలవదు. ఇక్కడే ఉండాలనుకుంటే స్కిల్డ్ వర్కర్‌కు మార్చుకోండి, ఎంత త్వరగా మారితే అంత మంచిది.

ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులంటారు. ఆ లెక్క ఆఖరి పనిదినం నుంచి కాదు. కంపెనీ పది పనిదినాల్లో హోమ్ ఆఫీసుకు చెబుతుంది, వాళ్లు వీసా కుదిస్తూ నోటీసు పంపుతారు. గడువు అందులో ఉంటుంది. వీసాకు అంతకంటే తక్కువ కాలమే మిగిలి ఉంటే అదే గడువు. ఈలోగా చిరునామా, ఈమెయిల్ మారిస్తే యూకేవీఐ ఖాతాలో (మీ ఆన్‌లైన్ వీసా ఖాతా) తప్పక సరిచేయండి. నోటీసు పాత ఈమెయిల్‌కు పోయిందంటే రోజులు తెలియకుండానే కరిగిపోతాయి. గడువులోగా కొత్త వీసాకు అప్లికేషన్ పడితే చాలు, కానీ అది మంజూరయ్యేదాకా కొత్త చోట పని మొదలుపెట్టకూడదు. 500 పౌండ్లు అదనంగా కడితే ఐదు పనిదినాల్లో తేల్చే ప్రయారిటీ సేవ ఉంది. కొత్త కంపెనీని అడగవలసిన మొదటి ప్రశ్న: మీ దగ్గర అన్‌డిఫైన్డ్ సర్టిఫికెట్లు (బ్రిటన్‌లోనే ఉండి వీసా మార్చుకునేవాళ్లకు ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్లు) మిగిలి ఉన్నాయా? పెద్ద బ్యాంకుల్లో ఉంటాయి, చిన్న సంస్థల్లో అవి అయిపోయి వారాలు పడుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌కో డబ్లిన్‌కో వెళ్లమంటే మూడు సంగతులు తూచుకోండి. బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు, మొదటి నుంచి మొదలు: జర్మనీలో బ్లూ కార్డు (ఉన్నత విద్యార్హతలున్నవాళ్లకిచ్చే ఉద్యోగ పర్మిట్), ఐర్లండ్‌లో ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్. బ్రిటన్‌లో గడిపిన ఏళ్లు అక్కడి శాశ్వత నివాసానికి కలవవు. కానీ జర్మనీ బ్లూ కార్డు మీద బీ1 జర్మన్ వస్తే 21 నెలల్లోనే శాశ్వత నివాసానికి అప్లై చేయవచ్చు. బ్రిటన్‌లో ఐఎల్ఆర్ గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచే ప్రతిపాదనను ప్రభుత్వం 2025లో ముందుకు తెచ్చింది. ఈ పరిస్థితిలో భాష నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ తీసిపోదని మా అభిప్రాయం.

లండన్ ఉద్యోగంలోనే ఉంటూ ప్రాజెక్టు పేరుతో నెలకు రెండు వారాలు అటు పంపితే మాత్రం జాగ్రత్త. మీటింగుల కోసం తీసుకున్న షెంగెన్ బిజినెస్ వీసా మీద అక్కడి ఆఫీసులో రోజువారీ పని చేయడం కుదరదు. ఐఎల్ఆర్ కావాలంటే ఏ పన్నెండు నెలలు తీసుకున్నా 180 రోజులకు మించి బయట ఉండకూడదు. అందులో ఆఫీసు పని రోజులూ కలుస్తాయి, సంక్రాంతికి ఇంటికెళ్లిన రోజులూ కలుస్తాయి. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు లెక్కలోకి రావు. మొదటి ప్రయాణం నుంచే ఒక ఎక్సెల్ షీటులో రెండు తేదీలూ రాసుకుంటూ, పక్కనే బోర్డింగ్ పాస్ ఫోటో దాచుకోండి.