వేలిని కోసే పిక్

ప్రశ్న: రైల్వేలో పదవీ విరమణ చేశాక స్టీల్ గిటార్ నేర్చుకుంటున్నాను. తీగలు మీటడానికి వేళ్లకు తొడిగే లోహపు ఫింగర్ పిక్‌లు పావుగంటకే గోరు పక్కన కోస్తున్నాయి. వదులు చేస్తే ఊడి ఒళ్లో పడుతున్నాయి. ఏ రకం కొనాలి?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: అప్పుడే కొత్తవి కొనకండి, ఉన్నవాటినే వంచండి. హనుమకొండ పెళ్లిపందిళ్లలో ఇరవై ఏళ్లు ఈ వాద్యం వాయించాను. దుకాణంలో ఇచ్చిన ఆకారం నా వేలికి ఏనాడూ సరిపోలేదు. ముందుగా, పిక్ నాలుక (తీగను మీటే రేకు) వేలి మెత్తటి వైపు ఉందా, గోరు వైపు ఉందా చూడండి. పొరపాటున గోటి మీద తొడిగేవారు చాలామందే ఉన్నారు! నాలుకను వేలికొస వంపు వెంట కాస్త పైకి వంచండి. కోసేది చాలావరకు రెండు చెవుల (వేలిని చుట్టి పట్టుకునే రెక్కల) అంచులే. వాటిని సన్న గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గుండ్రటి పెన్ను చుట్టూ చుట్టి, ఆపై వేలి మీదే కొద్దికొద్దిగా బిగించండి. వేలికొస ఎర్రబడితే బిగువు ఎక్కువైనట్టే. మన మే నెల ఎండల్లో వేళ్లు ఉబ్బుతాయి. పొద్దున సరిపోయింది సాయంత్రం పట్టదు.

అప్పటికీ నొప్పి తగ్గకపోతే పలుచని రేకువి తీసుకోండి. మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు: 0.013 సులువుగా వంగుతుంది, 0.025 మొండిది. నేను 0.018 దగ్గర ఆగిపోయాను.

బొటనవేలి ప్లాస్టిక్ పిక్ బిగుతుగా ఉంటే వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సాగదీయండి. మరిగే నీళ్లలోంచి తీసి నేరుగా వేలికి తొడగకండి, నాకు బొబ్బ లేచింది.