చెయ్యి పట్టి గుంజొద్దు, నడుం పట్టుకో

అమ్మణ్ణీ,

చిన్నోడికి పదకొండు నెలలు నిండినాయి, మంచం పట్టుకొని జరుగుతున్నాడు గానీ వదిలి అడుగెయ్యలేదని దిగులుపడుతున్నావు. ఎదురింటి పాపతో పోలిక పెట్టుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన లెక్కల్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలలప్పటి నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా నడక మొదలుపెట్టినారు. దోగాడకుండానే లేచి నడిచేవాళ్లూ ఉంటారు.

రెండు చేతులూ పైకెత్తి పట్టుకొని నడిపించడం ఇంట్లో అందరికీ అలవాటు. అది మాన్పించు. అట్ల పట్టుకుంటే వాని బరువు మన చేతులకు వేలాడుతుంది, వాడు ముందుకు తూలి మునివేళ్ల మీద పోతాడు, నడుముకు నిలకడ రాదు. పట్టుకోవాలనుకుంటే వెనక మోకాళ్ల మీద కూర్చొని తుంటికి రెండు పక్కలా వదులుగా పట్టుకో. ఒక్క చెయ్యి పట్టి గుంజి లేపితే మోచేతి కీలు జారుతుంది. చెయ్యి కదిలించకుండా ఏడుస్తుంటే డాక్టరు దగ్గరికి తీసుకుపో.

దివాన్ కాట్‌కు ఎదురుగా బరువైన కొయ్య బెంచీ వెయ్యి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, పట్టుకోగానే జరుగుతుంది. ఎత్తు వాని రొమ్ముదాకా ఉంటే చాలు. మొదట రెంటి మధ్య జానెడు సందు ఉంచి, బెంచీ మీద వానికి ఇష్టమైన గరిటో గిన్నో పెట్టు. ఒక చెయ్యి ఇక్కడ, ఒక చెయ్యి అక్కడ పెట్టి దాటుతాడు. రెండు మూడు దినాలకు సందు మూరెడు చెయ్యి. ఇంకో పక్క బొమ్మను నేలమీద పెట్టు. ఒక చేత్తో పట్టుకొని కుంగి, దాన్ని తీసుకొని మళ్లీ లేచినాడంటే మోకాళ్లకు బలం వచ్చినట్టే, వదిలే రోజు దగ్గరికొచ్చింది.

అప్పుడు వాని వీపు గోడకు ఆనించి నిలబెట్టి, నువ్వు మూరెడు దూరంలో కూర్చొని చేతులు చాపు. పట్టుకోవద్దు, నీ ఒళ్లో పడనీ. పాలు తాగి, నిద్ర లేచినాక ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు చాలు. మొహం తిప్పుకుంటే ఆపెయ్యి. కాళ్లు ఎడంగా, చేతులు పైకి పెట్టి ఊగుతూ నడుస్తాడు. అది మామూలే.

ప్రొద్దుటూరు ఇండ్లలో కడప బండలు పాలిష్ చేసినవైతే తడిమీద జర్రున జారతాయి. తుడిచినాక ఆరేదాకా దించొద్దు. సాక్సులు వద్దు, వట్టికాళ్లే మేలు, వేళ్లతో నేలను పట్టుకోవడం నేర్చుకుంటాడు. పరిచిన బొంత అంచు కాలికి తగులుతుంది, తీసెయ్యి. ఎండాకాలం వాకిట్లో బండలు కాళ్లు కాలుస్తాయి, పొద్దున్నే ఆడించు.

చక్రాల వాకర్ ఎవరు తెచ్చిచ్చినా అటక మీద పెట్టు. అందులో కూర్చున్న బిడ్డకు తన పాదాలు కనబడవు, నిలకడ అవసరమే పడదు. గడప మీది నుంచి, మెట్ల మీది నుంచి దొర్లి తలకు దెబ్బలు తగులుతాయి. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం.

18 నెలలు నిండినా నడవకపోతే పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. ఒక కాలు ఈడుస్తున్నా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నిలబడుతున్నా, ముందు చేయగలిగిన పనులు ఇప్పుడు చెయ్యలేకపోతున్నా అంతదాకా ఆగొద్దు. నెలలు నిండకుండా పుట్టినోడు కాబట్టి పురుడు రావలసిన తేదీ నుంచి లెక్కపెట్టు. 16 నెలలు దాటినాక బూస్టరు టీకాకు పోయినప్పుడు, టీకాలేసే నర్సమ్మ (ఏఎన్ఎమ్) ముందు వాన్ని కిందికి దించి చూపించు.