టెక్ సందేహాలు: పదివేలలో మొదటి కెమెరా

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసింది. ఫోన్ వద్దు, ఫొటోలు నేర్చుకోవడానికి చిన్న కెమెరా కొనివ్వమంటోంది. పదివేల లోపు ఏది కొనాలి? ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి? - ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, డబ్బులు పెట్టాక బాధపడకూడదు. ఈ ధర కెమెరాలు రాత్రిపూట ఇంట్లో లైట్ వెలుతురులో మంచి ఫోన్‌ని మించి తీయలేవు. వీటిలో వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ వెడల్పు 6 మిల్లీమీటర్ల పైచిలుకే, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మెగాపిక్సెల్స్ గురించి టెన్షన్ వద్దు, ఏ4 సైజులో శుభ్రంగా ప్రింట్ తీయడానికి 9 చాలు.

మరి కెమెరా ఎందుకంటే, ఆప్టికల్ జూమ్ కోసం. గోదావరి గట్టు మీద నిలబడి నది మధ్యలో వెళ్లే పడవని తీయాలనుకోండి, మామూలు ఫోన్ ఆ కాస్త ముక్కని కత్తిరించి సాగదీస్తుంది, అందుకే అలుక్కుపోయినట్టు వస్తుంది. కెమెరాలో లెన్సే ముందుకూ వెనక్కూ జరిగి పడవని దగ్గరకి తెస్తుంది. ఆన్‌లైన్‌లో ఊరూపేరూ తెలియని కంపెనీలవి, 48 మెగాపిక్సెల్స్, 16 ఎక్స్ జూమ్ అని అమ్మే కొత్త కెమెరాల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో చాలావాటికి లెన్స్ కదలదు, అది ఫోన్‌లాగే కత్తిరించి సాగదీసే ఉత్త డిజిటల్ జూమ్, ఆ మెగాపిక్సెల్స్ కూడా సాఫ్ట్‌వేర్ పెంచి చూపించేవే.

నేనైతే సెకండ్ హ్యాండ్‌లో సోనీ డబ్ల్యూ830 గానీ కెనాన్ ఇక్సస్ 190 గానీ వెతుకుతాను. మొదటిదానికి 8 రెట్ల జూమ్, రెండోదానికి 10 రెట్లు, పైగా వైఫై ఉంది కాబట్టి ఫొటోలు ఫోన్‌లోకి పంపుకోవచ్చు. ఇక్సస్ 185 అని చూడటానికి దాదాపు అలాంటిదే ఇంకోటి ఉంటుంది, దానికి చేతి వణుకుని లెన్స్‌తో సర్దే ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు, నేర్చుకునే పిల్లకి అది పెద్ద లోటు.

కొనేముందు కెమెరా మీ చేతిలోకి తీసుకుని జూమ్ చివరిదాకా వెళ్లి వచ్చేలా నాలుగైదుసార్లు చేయండి, కరకరమని శబ్దం వస్తే ఇసుక పడ్డట్టే. తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నేనొకసారి ఈ పని చేయకుండా కొనేశాను, ఇంటికొచ్చాక చూస్తే ప్రతి ఆకాశంలోనూ ఒకేచోట బూడిదరంగు మచ్చ, లోపల సెన్సర్ మీద దుమ్ము. బ్యాటరీ ఉబ్బిందేమో చూసి, ఛార్జర్ అడిగి తీసుకోండి.

పాపకి మొదటిరోజే చెప్పండి, బటన్ సగం నొక్కి పట్టుకుని, తెర మీద ఫోకస్ గడి పచ్చగా మారాకే పూర్తిగా నొక్కాలని. బ్లర్ అయ్యాయని పిల్లలు పారేసే ఫొటోల్లో చాలా వాటికి ఈ తొందరే కారణం.

ప్రశ్న: 2005లో కొన్న కెమెరా బీరువాలో దొరికింది. ఆన్ అవుతోంది కానీ 32 జీబీ కార్డు పెడితే కార్డ్ ఎర్రర్ అంటోంది. పాడైందా?

జవాబు: పాడవలేదు. మీ కార్డు ఎస్‌డీహెచ్‌సీ అనే, ఎక్కువ జీబీలు పట్టే రకం, అది 2006లో వచ్చింది, అంతకుముందు కెమెరాలకి దాన్ని చదవడం రాదు. 2 జీబీ లేదా అంతకన్నా చిన్న మామూలు ఎస్‌డీ కార్డు పెట్టి, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, అంటే కార్డులో ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయడం. పాత కార్డు కూడా దొరికితే మాత్రం ఫార్మాట్ చేసేముందు అందులోని ఫొటోలు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.