సమాధానం: కఫ్ ప్రెషర్ 25 నుంచి 45కి ఎందుకు ఎక్కింది?

ఆపరేషన్‌లో నైట్రస్ ఆక్సైడ్, సెవోఫ్లురేన్ అనే మత్తు వాయువులు ఇస్తుండగా, శ్వాసనాళంలో పెట్టిన ట్యూబు చుట్టూ ఉండే చిన్న బుడగ (కఫ్) ప్రెషర్ 25 సెం.మీ. నీటి పీడనం నుంచి గంటలో 45కి ఎందుకు ఎక్కిందని అడిగారు. నైట్రస్ ఆక్సైడే కారణం అయ్యుండాలి, సెవోఫ్లురేన్ కాదు. మీరు కఫ్‌లో నింపింది గాలి. నైట్రస్ ఆ పల్చటి గోడ దాటి లోపలికి చేరే వేగంతో గాలిలోని నైట్రోజన్ బయటికి రాలేకపోతుంది. అందుకే 25 పెట్టినా గంటకి 45 అయింది.

1. మానోమీటర్‌తో (ప్రెషర్ కొలిచే పరికరం) చూస్తూ 20–30 సెం.మీ. నీటి పీడనానికి దించండి. పైలట్ బెలూన్‌ని (కఫ్‌కి కలిపి బయట ఉండే చిన్న బుడగ) వేళ్లతో నొక్కి చూడటం నమ్మేది కాదు.
2. నైట్రస్ నడిచినంతసేపూ అరగంటకోసారి కొలవండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: నైట్రస్ ఆపాక కఫ్‌లో చేరిన నైట్రస్ వెనక్కి పోతుంది. మధ్యలో మీరు గాలి తీసేసి ఉంటారు కాబట్టి ప్రెషర్ 20 కిందకి జారొచ్చు. అప్పుడు లీక్ మొదలై స్రావాలు ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. ట్యూబుతోనే ఐసీయూకి పంపేటట్టయితే మళ్లీ కొలిచి గాలి ఎక్కించండి.

మీ ఆపరేషన్ థియేటర్‌లో సొంత మానోమీటర్ లేకపోతే ఐసీయూలో అడిగి తెచ్చుకోండి.