దీమాల మధ్య ఖాళీ

బుచ్చిరెడ్డిపాలెం

చిరంజీవి శ్రీధర్‌కు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని స్టుట్‌గార్ట్ పక్కన బాతుల వేటకు వెళుతున్నావని, అక్కడి మిత్రుడు రెండు డజన్ల ప్లాస్టిక్ బాతులు చేతిలో పెట్టి తెల్లవారేలోపు వాటిని నీళ్ళలో పరిచే పని నీకే అప్పగించాడని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పిందనడం కంటే నన్ను తిట్టిందనడం నిజం. ఆర్కన్సాలో పద్దెనిమిదేళ్ళు ఉండి వచ్చి నీకు ఆ కథలన్నీ చెప్పినవాణ్ణి నేనే కాబట్టి తప్పు నాదేనట. తప్పు ఎలాగూ నా నెత్తిన పడింది కదా, పనైనా సరిగ్గా చెప్పనీ.

ఆ బొమ్మ బాతుల్ని అక్కడ డెకాయ్‌లంటారు. మనకూ దానికొక మాట ఉంది, దీమం. పెంచిన జింకనో పిట్టనో ఎదుట నిలిపి అడవివాటిని దగ్గరికి రప్పించేవారు మన పాత వేటగాళ్ళు. అమెరికాలో కూడా ఒకప్పుడు బతికున్న బాతుల్నే దీమాలుగా నీళ్ళలో కట్టేసి ఉంచేవారు. 1935లో దాన్ని నిషేధించారు. ఇక బొమ్మల సంగతంటావా, అవి చాలా పాతవి. నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో దొరికిన దీమాలు సుమారు రెండు వేల ఏళ్ళనాటివి. తుంగను బాతు ఆకారంలో మలిచి, ఈకలు తొడిగారు. మన చెరువుల్లో తుంగ చూసినప్పుడల్లా అవి గుర్తుకొస్తాయి నాకు.

ముందుగా గాలి. కళ్ళంలో తూర్పారబట్టేవాడు గాలి ఎటు వీస్తుందో చూడకుండా చేట ఎత్తడు. నువ్వూ అంతే, గాలి చూడకుండా సంచి మూతి విప్పవద్దు. బాతు గాలికి ఎదురుగానే దిగుతుంది. గాలి నీ వీపుకు తగిలేలా కూర్చుంటే అది నీకు ఎదురుగా వచ్చి దిగుతుంది. నాకు మాత్రం గాలి ఒక పక్క నుంచి కొట్టే చోటే ఇష్టం. అప్పుడు బాతు చూపు దీమాల మీదే ఉంటుంది గాని, నువ్వు దాక్కున్న పొద మీద ఉండదు. తెల్లవారాక గాలి తిరిగితే బద్ధకించకుండా లేచి దీమాలు మార్చు. చలికి మీ మిత్రులు ఫ్లాస్కు దగ్గరి నుంచి కదలరు, నువ్వైనా కదులు.

ఇప్పుడు అసలు సంగతి. దీమాలు పరచడమంటే బొమ్మలు పెట్టడం కాదు, ఖాళీ వదలడం. ఇది నాకు ఒక సీజన్ పోగొట్టుకుంటే గాని తెలియలేదు. మొదటి ఏడాది మూడు డజన్ల బొమ్మల్ని మన కూలీలు తాడు పట్టి నారు నాటినట్టు వరసలుగా పెట్టాను. చూడముచ్చటగా ఉంది. బాతులూ మూడు చుట్లు తిరిగి చూశాయి, చూసి పక్క పొలంలో దిగాయి. అక్కడ పట్టుమని పది బొమ్మలు లేవు. ఆ పొలం రైతు మధ్యాహ్నం వచ్చి నా వరసలు చూసి, "నువ్వు పెట్టింది బాతుల గుంపు కాదయ్యా, కంచె" అన్నాడు. ఆయన మాట నిజం. దిగబోయే బాతు కూర్చున్న బాతుల నెత్తిమీదుగా ఎగరడానికి ఇష్టపడదు. దానికి గాలివాలు వైపు నుంచి తెరిచి ఉన్న వాకిలి కావాలి, లోపల కాళ్ళు పెట్టడానికి చోటు కావాలి.

కాబట్టి గుర్రపు నాడాలాగా పరచు. వంపు గాలి వచ్చే వైపు, మూతి గాలి పోయే వైపు ఉండాలి. నడుమ మన ఇంటి ముందు వాకిలంత ఖాళీ నీరు వదులు. ఆ ఖాళీ నువ్వు కూర్చున్న చోటికి ఇరవై, ఇరవై అయిదు గజాల్లో ఉండాలి. అన్నిటికన్నా దూరపు బొమ్మను ముప్పై అయిదు గజాల దగ్గర పెట్టు. దానికి అవతల ఉన్న పక్షి మీద తుపాకి ఎత్తనని ముందే ఒట్టు పెట్టుకో. దూరం నుంచి కొడితే చావదు, గాయంతో పోతుంది. అంతకన్నా పాపిష్ఠి పని ఆ ఆటలో లేదు.

బొమ్మకూ బొమ్మకూ మధ్య రెండడుగులు వేసేంత ఎడం ఇవ్వు, కాని కొలిచినట్టు కాదు. ఇక్కడ నాలుగు, అక్కడ మూడు, ఒకటి ఒంటరిగా. బెదిరిన బాతులు తల ఎత్తి దగ్గరగా చేరతాయి, నిశ్చింతగా మేసేవి చెదిరి ఉంటాయి. పై నుంచి చూసే బాతుకు ఆ తేడా తెలుసు. జనవరికి అవి జంటలు కడతాయి కాబట్టి అప్పుడు బొమ్మలు తగ్గించి ఆడ, మగ జతలుగా పెట్టు.

కదలిక లేని నీళ్ళలో ప్లాస్టిక్ బాతు శవంలా ఉంటుంది. మూడు నాలుగు బొమ్మల్ని ఒకే తాడుకు కట్టి, ఆ కొస నీ చేతిలో ఉంచుకో. పక్షులు చుట్టు తిరిగి తోక నీ వైపు పెట్టినప్పుడు లాగు, నీ వైపు వస్తుంటే ఆపెయ్యి. రెక్కలు గిరగిర తిరిగే బ్యాటరీ బొమ్మలు కూడా అమ్ముతారు. కొన్ని ప్రభుత్వ నేలల్లో వాటిని వాడనివ్వరు, అడిగి తెలుసుకో. నాకు తాడు చాలు. అన్నట్టు, బాతులు నెత్తిమీద తిరుగుతుంటే ముఖం ఎత్తి చూడకు. చూడాలని ప్రాణం లాగుతుంది, అయినా తల వంచుకో. పైకెత్తిన ముఖం పళ్ళెంలా మెరుస్తుంది.

చట్టం సంగతులు మీ మిత్రుడు చెప్పే ఉంటాడు, అయినా నా నోటితో ఒకసారి విను. రాష్ట్ర లైసెన్సుతో పాటు డక్ స్టాంపు, అంటే బాతుల వేటకు అనుమతిచ్చే స్టాంపు కొనాలి. సీసపు గుండ్లు 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం, ఉక్కు లాంటి విషం లేనివే వాడాలి. తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం దాకే కాల్చాలి. గింజలు చల్లి రప్పించడం నేరం. కోసిన వరి పొలానికి నీళ్ళు పెట్టడం వేరు, వడ్లు తెచ్చి పోయడం వేరు.

ఇంకొకటి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ బొమ్మల్ని ఇక్కడికి తేవాలనే ఆలోచన ఉంటే మానుకో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇక్కడ వేటకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. చిన్నప్పుడు మా నాన్న ఒంటిగొట్టం తుపాకితో వెళుతుంటే వెంట నడిచినవాణ్ణి, ఇప్పుడు బైనాక్యులర్స్‌తో కనిగిరి రిజర్వాయర్ కట్ట మీద కూర్చుంటున్నాను. నువ్వూ వచ్చి కూర్చో. ఓ రోజు సూళ్ళూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సుకు వెళదాం. సూళ్ళూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపేశారు గాని నా నోటికి అది ఇంకా నెల్లూరు జిల్లాయే. నువ్వు ఆర్కన్సాలో చూడబోయే సూదితోక బాతు జాతే అక్కడా దిగుతుంది. దిగేటప్పుడు ఖాళీ ఎక్కడ వెతుక్కుంటుందో తుపాకి లేకుండా చూస్తేనే బాగా తెలుస్తుంది.

చివరగా, ఛాతీ దాకా ఉండే ఆ రబ్బరు తొడుగు వేసుకుని నడుముకు బెల్టు బిగించకుండా నీళ్ళలో దిగవద్దు. కాలు జారితే లోపల నీళ్ళు నిండి లేవలేవు. ఈ ఒక్క ముక్క మీ అమ్మకు ఫోనులో చదివి వినిపించు, నా మీద కోపం కాస్త తగ్గుతుంది.

మీ మామయ్య