ఆడమ్ స్మిత్‌ని ఇప్పుడు చదవాలా?

ప్రశ్న: సర్, నేను ఎంఏ ఎకనామిక్స్ ఫస్టియర్. హిస్టరీ ఆఫ్ ఎకనామిక్ థాట్ పేపర్ తీసుకోవాలా, ఎకనమెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలు లెక్కగట్టే పేపర్) తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నా. ఎప్పుడో పోయినోళ్లు ఏమనుకున్నారో ఇప్పుడెందుకు, పనికొచ్చేదంతా కొత్త టెక్స్ట్‌బుక్‌లో ఉంటుందిగా అంటున్నారు ఫ్రెండ్స్.
– ఓ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఉద్యోగం కోసమైతే ఎకనమెట్రిక్సే తీసుకోండి, డౌటేం లేదు. కానీ రెండోది సొంతంగానైనా చదవండి. ఎందుకో మీ వైపు సంగతితోనే చెప్తా.

1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువుకి కర్నూలు, కడప, బళ్లారి అల్లాడిపోయాయి. తిండిగింజల ధరలు తగ్గించడానికి సర్కారు వేలు పెట్టకూడదన్నాడు వైస్రాయ్ లిట్టన్, జనం చస్తున్నా ధాన్యం ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది. సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కరువు పనుల్లో మగమనిషి రోజుకూలీని ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణాకి దించేశాడు. తమాషా ఏంటంటే ఇదే టెంపుల్ 1874లో బీహార్ కరువుకి బర్మా బియ్యం తెప్పించి చాలా ప్రాణాలు కాపాడాడు, మెచ్చుకోకపోగా డబ్బు తగలేశావని తిట్టారు!

ఈ పాలకులు అడ్డం పెట్టుకున్నది ఆర్థికశాస్త్రానికి ఆద్యుడనే ఆడమ్ స్మిత్‌ని. కొరతని కరువుగా మార్చేది ప్రభుత్వ జోక్యమేనని 1776 నాటి ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకంలో ఆయన నిజంగానే రాశాడు. కానీ అక్కడే 1770 నాటి బెంగాల్ కరువు గురించి కూడా ఉంది, బియ్యం వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు పెట్టిన ఆంక్షలు కూడా ఆ కరువుకి కారణమై ఉండొచ్చని. అంటే ఆయన తిట్టింది కంపెనీ పెత్తనాన్ని, వందేళ్ల తర్వాత ఆ మాటల్లోంచి తమకి కావల్సినంత కోసుకుని వాడుకున్నది దొరలు.

అలాగని ధాన్యం వ్యాపారాన్ని దాని మానాన వదిలేయాలన్న స్మిత్‌ది తప్పేం లేదనను. పంటపోయి కూలి లేనోడి దగ్గర డబ్బే లేకపోతే ధర ఎంత పెరిగితే మాత్రం ధాన్యం వాడింటికెందుకొస్తుంది? తిండి ఉన్నా కొనే శక్తి పోతే కరువొస్తుందని 1981లో అమర్త్యసేన్ వాదించింది దీన్నే. టెక్స్ట్‌బుక్‌లో ఇది ఒక డెఫినిషన్, రెండు పాయింట్లు, అంతే, ఆయన ఏ పాత వాదంతో తలపడుతున్నాడో అందులో కనపడదు.

స్మిత్ పుస్తకం మొత్తం చదవక్కర్లేదు, నాలుగో భాగంలో ధాన్యం వ్యాపారం మీద చర్చ ఒక్కటి చాలు, నెట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. తర్వాత సేన్‌ని పట్టుకోండి. గైడు మాత్రం కొనకండి.